గంప ఎత్తే జాగ

జడ్చర్లల ట్రాక్టర్ పార్టుల దుకాణం మీద
గోడలకు పాత పరుపులు కట్టిన గది.
ఫ్యాను బంద్ చేసినం.
జిన్నింగు మిల్లుల లెక్కలు రాసి, రెక్కల మీద దూది పోగులతోనే
వచ్చి నిలవడ్డది నవనీత.

మొదటి పాట పెండ్లి బరాతులన్నిట్ల మోగింది.
రెండోదాన్ని నూట పన్నెండు సార్లు విన్నరు,
అందుల నలభై నేనే.
ఇది మూడోది.

పల్లవి అయినంక ఒక ఖాళీ.
"బీటు తప్పినవ్" అన్న.
కీబోర్డు పిల్లగాడు అండ్ల ఫ్లూటు పెడుదమన్నడు.

"వద్దన్నా.
ఆ జాగల మా మన్నెమ్మవ్వ గంప ఎత్తేది.
ఏదో డ్యాము కట్ట మీద,
ఏ రాష్ట్రమో ఆమెకే తెల్వదు.
మన్ను నెత్తి మీదికొచ్చేదాంక గొంతు ఆగేది,
నడుము నిలవడ్డంకనే తర్వాతి మాట.
నాకు పాట గట్లనే వచ్చింది,
ఖాళీతోని."

ఇంకేం అనలేదు.
మైకు దిక్కు తిరిగింది.

రాత్రి ఒక్కన్నే కూసొని
ఆ రెండు సెకండ్లే మళ్ల మళ్ల పెట్టిన.
తెర మీద సాపు గీత.
అండ్ల ఏం లేదు,
కింద దుకాణంల ఎవరో నట్టు బిగిస్తున్న సప్పుడు తప్ప.

దాన్ని తీసేద్దమని చెయ్యి చాపిన.
ఎందుకో
నా మెడ నిటారుగ అయింది.