నిలబడి చచ్చిన చెట్లు

పంచాయతీ గెలిచిన రోజు
మాకు దొరికినవి మూడు తాళంచెవులు,
ఒక రబ్బరు ముద్ర, ఎండిపోయిన సిరాదిండు,
పాత సర్పంచి తలనూనె మరకతో సహా ఒక కుర్చీ.

ముప్పయ్యేళ్లు ఆ కిటికీకి ఇవతల నిలబడి
అర్జీలు రాసినవాణ్ణి నేను.
"అయ్యా" అని కాదు, "డిమాండు" అని మొదలెట్టండని
ఊరికి చెప్పినవాణ్ణి.
ఇప్పుడు అవతల కూర్చున్నాను.
ఇక్కణ్ణుంచి వచ్చేవాళ్ల మొహాలు కనబడవు,
చేతులే కనబడతాయి. కిటికీ అంత కిందకుంది.
ఎవరు కట్టారో గాని, తెలిసే కట్టారు.

మా కార్యదర్శి మడ్డు ఢిల్లేసు, ఇప్పుడు సర్పంచి,
ఆర్నెల్లు ఆ కుర్చీ ముట్టలేదు.
బెంచీ మీదే సంతకాలు.
ఏడో నెల నడుంనొప్పి వచ్చింది.
అంతే. సిద్ధాంతం ఏమీ మారలేదు.

తర్వాత తుపాను.
కవిటి నుంచి సముద్రం దాకా ఒక్క రాత్రిలో
కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకి తలపెట్టి పడుకున్నాయి.
కాల్పులకి ఒరిగిన ఊరేగింపులా, అని రాసి
మినిట్స్ పుస్తకంలో కొట్టేశాను.
"చెట్లు పడిపోయినవి" అని రాశాను.
పాలనంటే పోలికలు కొట్టెయ్యడమని
ఆ పూట తెలిసింది.

లెక్క మేమే తియ్యాలి.
పడినవి. విరిగినవి.
మొవ్వు ఎండిపోయి, నిలబడే చచ్చినవి.
మూడో రకానికి ఫారంలో గడి లేదు.

ఆ రాత్రి కమిటీ. కరెంటు లేదు.
సెల్‌ఫోను వెలుగులో ఏడు గెడ్డాలు.
ఢిల్లేసన్నాడు, "మనోల పేర్లు ఆకర్న రాయండి."
ఎవులూ ఏటీ అన్నేదు.
చేతులెత్తారు.
తోటంతా పోగొట్టుకున్న బృందావతి పెనిమిటి చెయ్యి
కొంచెం ఆలస్యంగా లేచింది.
అది రాయలేదు నేను.
ఏకగ్రీవం అని రాశాను.

డబ్బొచ్చింది.
జాబితా కంటే పొట్టిగా వచ్చింది.
మనోల పేర్ల దగ్గరికి చేరకుండానే అయిపోయింది.
పైనుంచి జవాబు: మలివిడతలో చూడబడును.
చూడబడును!
ఎవడు చూస్తాడో చెప్పని ఆ మాటని
ముప్పయ్యేళ్లు మైకుల్లో తిట్టాను.
నా చేతిరాతతోనే దాన్ని
నోటీసు బోర్డు మీద అంటించాను.

సోమవారం పొద్దున్నే బృందావతి వచ్చింది.
వెనక పదకొండు మంది ఆడోళ్లు, అందరూ మా ఇళ్లోళ్లే.
ఒక జెండా. మాదే.
మా అటక మీద ఉండాల్సిన కర్రే.
గొంతు ఎక్కడ లేపాలో,
ఎక్కడ ఆపి జనాన్ని అందుకోనివ్వాలో
జీడిపిక్కల సమ్మెలో ఆమెకి నేర్పింది ఢిల్లేసే.

లోపల కుర్చీలో ఢిల్లేసు. చేతిలో ముద్ర.
బయట ఆమె "సర్పంచి ఢిల్లేసూ..." అని ఆపింది.
ఆ సందులో
అలవాటున
అతని పెదాలు కదిలాయి,
డౌన్ డౌన్.
నేను చూశాను.
నేను చూడ్డం అతనూ చూశాడు.

లేచి, కిటికీ దగ్గర నడుం పట్టుకుని వంగాడు.
"ఒలే బృందా, నిలబడి సచ్చిన సెట్లెన్ని నీకు?"
"పద్నాలుగు."
"కాయితంలో గడి నేదే."
"గియ్యి మరి."

స్కేలు కోసం వెతికాం.
ఇన్ని బీరువాలున్న పంచాయతీలో స్కేలు లేదు.
సిరాదిండు డబ్బా అంచు పెట్టి గీశాడు.
వంకరగా వచ్చింది.
ఆ రోజు మినిట్స్‌లో
హాజరు ఏడుగురు అని రాసి, కింద
బయట పన్నెండు మంది అని రాశాను.
అలా రాయడానికి రూలేదో నాకు తెలీదు.

పది రోజులకి ఫారం తిరిగొచ్చింది,
మా గడిని ఎర్రసిరాతో కొట్టేసి.
ఎర్రసిరా!
బృందావతి పడీపడీ నవ్వింది.
మళ్లీ గీస్తున్నాం.
ఈసారి సోంపేట సంతలో స్కేలు కొన్నాం, పది రూపాయలు.
ఆఫీసు ఖర్చు కింద రాయాలా,
పోరాట నిధి కింద రాయాలా
అనడిగాను ఢిల్లేసుని.
చెట్ల లెక్కలో ఉన్నాడు,
తలెత్తలేదు.