కిందికి చూసే కన్ను

మృగశిర కార్తె వచ్చి మూడో రోజు.
నాకు వీక్లీ ఆఫ్.
హనుమంతవాక దాటాక హైవే పక్కన బస్సు నన్ను దించేసి
తన పొగ తను పట్టుకుపోయింది.

కంబాలకొండ గేటు దగ్గర టికెట్టు చింపి ఇస్తూ
వాచర్ గవిరయ్య అడిగాడు: "ఏటి బావూ, ఒక్కరేనా?"
కాదు, ముందే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది
మా షిఫ్టు సూపర్వైజరు కూతురు నీలవేణి.
మెడలో బైనాక్యులర్స్, చేతిలో చిన్న నోటుబుక్కు,
జేబులో వేరుశెనగ చిక్కీ.
మెడ పైకెత్తి తిప్పమన్నాడట కదా డాక్టరు,
పిట్టల్ని చూస్తే అదీ ఇదీ కలిసొస్తుందంది.

ఇరవయ్యారేళ్ళుగా పోర్టులో క్రేను నాది.
నూటపది అడుగుల ఎత్తున అద్దాల గది,
కాళ్ళ కింద కూడా అద్దమే.
ఓడ కడుపులోకి చూడ్డం,
హుక్కు ఎక్కడ దిగుతోందో చూడ్డం,
పసుపు టోపీల మధ్య జానెడు ఖాళీ చూడ్డం.
గద్దలు నా కిందనుంచే పోతాయి.
వాటి వీపు రంగు నాకు తెలుసు,
వాన పడ్డ ఇటుక రంగు.
పొట్ట ఎలా ఉంటుందంటే మాత్రం చెప్పలేను.

ఇక్కడంతా తలకిందులు.
ప్రతి చప్పుడూ పైనుంచే.
"అదిగో, రెండో కొమ్మ, ఎడం పక్క" అంటుంది అమ్మాయి.
నేను చూసేసరికి ఆకు ఊగుతూ ఉంటుంది,
పిట్ట ఖర్చయిపోయి ఉంటుంది.
బైనాక్యులర్స్‌లో నాకు మొట్టమొదట దొరికినవి
నా కనురెప్ప వెంట్రుకలే.

ఎక్కడో దాక్కుని కంసాలి పిట్ట
టంకు టంకు టంకు.
దానికి ఓవర్‌టైమూ లేదు, విసుగూ లేదు.
జెముడుకాకి ఒకటి బరువుగా పొదలోకి దూరింది
అద్దె అడుగుతారని తప్పుకున్నవాడిలా.
నీలవేణి రాసుకుంటోంది: పదకొండు. పన్నెండు.

పదింటికి చెరువు గట్టు మీద కూలబడ్డాం.
గవిరయ్య సీసా మూత తీసి చోడంబలి పంచాడు,
ఉల్లిపాయ అరచేత్తోనే చితక్కొట్టాడు.
చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
ఎండుకొమ్మ మీంచి లకుముకి పిట్ట నీళ్ళలోకి పడింది,
పైకొచ్చింది, నోట్లో ఏమీ లేదు.
మళ్ళీ అదే కొమ్మ.
వాకీటాకీలో దాన్నెవరూ తిట్టలేదు.

తువ్వాలు పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను.
సముద్రం వైపునుంచి గద్ద ఒకటి తీరుబడిగా వచ్చి
నా మీద రెండు చుట్లు తిరిగింది.
తెల్లటి రొమ్ము,
గుండీలు పెట్టుకోని చొక్కాలోంచి బనీను కనబడ్డట్టు.
ఇన్నేళ్ళూ కిందనుంచి ఇది
నా గది అడుగునే చూసి ఉంటుంది.
నిద్ర పట్టేసింది.

నాలుగింటికి మబ్బు దిగింది.
రెండు ముక్కల ఈల. మళ్ళీ ఈల.
"పొన్నంగి పిట్ట! నిన్ననే దిగినాది. ఒల్లకుండండి" అన్నాడు గవిరయ్య.
నీలవేణి కొమ్మకొమ్మా వెతుకుతోంది,
మూడేళ్ళ నుంచీ దీని కోసమే తిరుగుతోందట.
నాకు మెడ పట్టేసి, అలవాటు కొద్దీ
కళ్ళు కిందికి వాలాయి.

ఎండుటాకుల్లో ఒక ఆకు పక్కకి జరిగింది,
గాలి లేకుండా.
ఆకుపచ్చ వీపు. భుజాన నీలం.
కంటి మీదుగా నల్ల పట్టీ.
తోక కుదించి కుట్టినట్టు పొట్టిగా, దాని కింద ఎరుపు.
తొమ్మిది రంగులంటారు, నేను ఆరే లెక్కపెట్టాను.

నోరు తెరవలేదు.
పిడికిలి బిగించి చెయ్యెత్తాను, మా దగ్గర 'ఆపు' అని.
ఆ తర్వాత వేలు నేలకి తిప్పాను,
'దించు, మెల్లగా, ఇంకొంచెం.'
ఆ పిల్లకి ఎవరు నేర్పారో,
బైనాక్యులర్స్ అంగుళం అంగుళం దిగాయి,
ఆగాయి.
ఊపిరి కూడా ఆగింది.

పిట్ట రెండు గెంతులు వేసి, వానపామును లాగి,
మా ముగ్గురినీ లెక్కలోకి తీసుకోకుండా పోయింది.

గేటు దగ్గర నోటుబుక్కు చూపించింది.
ఇరవై మూడో పేరు పక్కన బ్రాకెట్లో 'క్రేను అంకుల్'.
"మెడనొప్పి ఎలాగుంది బావూ?" అన్నాడు గవిరయ్య.
మర్చిపోయానన్నాను.
బస్సెక్కి తల తిప్పాక గుర్తొచ్చింది,
అలాగే ఉంది.