గోడ ముట్టాక

అంబాపువా దాటాక మా కాలనీ,
కాలనీ నడుమ పాతిక మీటర్ల నీలం.
దాని జట్టుకి మేనేజర్ని నేను.
ఈత రాదు నాకు.

తెల్లారి అయిదున్నరకి బ్లీచింగు వాసనలో
పళ్ళు టకటకలాడిస్తూ పదకొండుమంది.
ఎక, దుయి, తిని అని వాళ్ళు లెక్కెడుతుంటే
ఇచ్ఛాపురం దాన్ని, మధ్యలో ఎక్కడో తప్పిపోతాను.

"ముందువాడు గోడ ముట్టాకే దూకాలర్రా!"
నాకు తెలిసిన విద్య అదొక్కటే.
మిగతాదంతా కాగితాలు:
టోపీల డబ్బు, రక్తం గ్రూపులు,
మిశ్రా గారబ్బాయి చెవిపోటు చీటీ.
ఇంకా, రోజూ మిగిలిపోయే ఓ ఎడమకాలి చెప్పు.

నిన్న సెక్రటరీ కబురు.
సి మూడొందల నాలుగు, ఏడు నెలల మెయింటెనెన్సు బాకీ.
బాకీ ఉన్నవాళ్ళు కాలనీవాళ్ళు కారట.
అంటే ఇతిశ్రీ.
రిలేలో మూడోది,
నీళ్ళకి కూడా తెలీకుండా వెళ్ళొచ్చే పిల్ల.

పేరు కొట్టేశాను.
పెన్సిలుతోనేలే, అనుకున్నాను.

పొద్దున్న గేటు దగ్గర నీలాంచల ఆపితే
భుజాన టవలుతో నావైపు చూసింది.
క్లోరిన్ డబ్బా మూత తిప్పుతున్నాను నేను,
అప్పటికే బిగిసిన మూతని.

నాలుగోవాణ్ణి ముందుకు జరపడం మరిచి
అలవాటున ఈల ఊదేశాను.
దిబ్య వెళ్ళాడు, వచ్చాడు.
తర్వాత సుమంతో, బుగ్గలు పొంగించుకుంటూ,
వచ్చి గోడ ముట్టాడు.
పైనుంచి ఎవరూ దూకలేదు.

ముట్టిన చెయ్యి తియ్యకుండా
కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి
నన్ను చూస్తున్నాడు వాడు.