తొమ్మిదిన్నర వేళ్ళు

పడవలు చేపలతో వస్తేనే
మా ఫ్యాక్టరీ కూత పెడుతుంది.
రాత్రి రెండైనా, తెల్లవారుజామున నాలుగైనా
పెనీష్ రేవు వీధుల్లో
తలగుడ్డ ముడేసుకుంటూ పరుగెత్తేవాళ్ళం.
పడవ ఆలస్యమైతే బల్లల ముందు నిలబడేవాళ్ళం.
ఎదురుచూపుకి కూలి లేదు.
మొదటి కవళ్ళ తల తెగాకే
గోడమీది గడియారం మమ్మల్ని గుర్తుపట్టేది.

యూనియన్‌లో చేరమని ఫిర్మీనా వచ్చినప్పుడు
చందా డబ్బుకి ఎన్ని రొట్టెలొస్తాయో లెక్కేసి
తలుపు వేసేశాను.
మరుసటి నెల మళ్ళీ వచ్చింది.
ఆ పై నెల వానలో వచ్చింది.
అందరూ చైతన్యంతో చేరతారంటారు.
నేను ఆమె తడిసిన చెప్పులు చూసి చేరాను.

పదకొండు రోజులు
కూత వినబడుతున్నా గేటు బయటే కూర్చున్నాం.
బంగాళాదుంపల పులుసు రోజురోజుకీ పల్చబడింది.
పన్నెండోనాడు ఎదురుచూపుకి ధర కట్టారు.
ఊరికే నిలబడ్డ గంట కూడా
నా గంటేనని అప్పుడు తెలిసింది.

సమ్మెలో మమ్మల్ని దాటి లోపలికెళ్ళిన జుల్మీరాకీ
అదే పెంపు, అదే రంగు కవరులో.
నాకు ఒళ్ళు మండింది.
"పోనీలేవే, వాళ్ళ పిల్లాడూ పాలే తాగుతాడు" అంది ఫిర్మీనా.
పోనీలే అనడం నాకింకా చేతకాదు.

మూతలు బిగించే యంత్రం
నా కుడి చూపుడువేలు సగం పట్టుకుపోయిన రోజు
ఆసుపత్రికి మేనేజరు కన్నా ముందు
నాలుగు పేజీల ఫారంతో ఫిర్మీనా వచ్చింది.
ఏడు వారాల జీతం వచ్చింది.
యంత్రానికి రేకు తొడుగు వచ్చింది.
వేలు రాలేదు.

సముద్రంలో కవళ్ళు తగ్గిన ఏడు
గట్టి తీర్మానమే చేశాం.
కవళ్ళు దాన్ని చదవలేదు.
అరవైమంది ఇళ్ళకి పోయారు.
ఎవరు ముందు పోవాలో, ఆ వరస మాత్రం
మాతో మాట్లాడి రాశారు.
దాన్ని కూడా గెలుపని పిలిచాం.

తరువాత ఏజెన్సీ బస్సులో
నేపాలీ అమ్మాయిలు దిగారు.
నా పక్క బల్ల సరుమాయాది.
మా భాషలో ఆమె నేర్చిన మొదటి మాట "త్వరగా".
ఏజెన్సీ మనుషులకి సభ్యత్వం లేదని
ఎవరో పైనుంచి చెప్పలేదు,
మేమే చేతులెత్తి నిర్ణయించాం.
ఆ చేతుల్లో నాదీ ఉంది.

నిన్న, అదే యంత్రం.
పని నెమ్మదిస్తోందని తొడుగు ఊడదీసి పక్కన పెట్టారట.
సరుమాయా చేతికి నా తలగుడ్డ చుట్టి తీసుకెళ్ళాను.
పాత ఫారం తిరగేస్తే, మూడో పేజీలో
సభ్యత్వ సంఖ్యకి ఒక గడి.
కలం అక్కడ ఆగింది.
ఆమె నా చేతిని చూస్తోంది,
వేలు ఉన్నంతవరకు కాదు,
లేనిచోట మొదలుపెట్టి.

ఈ రాత్రి సమావేశం.
ఫిర్మీనా రాలేదు, మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు.
కార్యదర్శి ఇప్పుడు జుల్మీరా, అదొక తమాషా.
ఆ తీర్మానాన్ని మళ్ళీ బల్లమీద పెట్టమంటాను.
బహుశా ఓడిపోతాను.
చేతులు లెక్కపెట్టేవాళ్ళు
వేళ్ళు లెక్కపెట్టరు గనక
తొమ్మిదిన్నర వేళ్ళదైనా నా ఓటు నిండు ఓటే.
నిండుదే,
ఒక్కటే.