నాలుగు వేల కాడ గుంత

బల్లార్షాల మా కాగితం మిల్లు సైరన్
వార్ధా ఒడ్డు దాకా ఇనవడ్తదంటరు.
నాకిప్పుడు గేటు పక్కన నిలవడ్డా
దాని మొదలే తెలుస్తది.
కొస తెగిపోయి శానా ఏండ్లయింది.

మూడో నంబరు మిషన్ కాడ ఇరవై తొమ్మిదేండ్లు.
దిగిపోయే ముందట కంపెనీ డాక్టరు
చెవులకు డబ్బాలు తగిలించి
నా ఇనికిడిని కాయితం మీద గీసిచ్చిండు.
సాఫుగ నడిచొచ్చిన గీత
నాలుగు వేల కాడ
బాయిల వడ్డట్టు వడ్డది.
కాయితం మా మిల్లుదే.
పట్టుకోంగనే చెప్పిన, అరవై గ్రాముల రకమని.

అందుకే ఓదేలు మేనల్లుడు తిరుమలేశు
స్పీకర్ల గీతలు ఫోన్ల చూపెట్టి
"ఇగో కాకా, ఇది ఇస్త్రీ చేసినట్టున్నది,
అది ఒర్రెగట్టు లెక్క వంకర" అంటే
నేను నవ్వలే.
మైక్రోమీటరు పట్టిన చెయ్యి నాది.
"కంటికి మంచిగనే కొడ్తుంది, పోనియ్యి" అన్న రీలును
ఎంటికె మందం తేడాకు
వాపసు పంపిన దినాలున్నయి.
కన్నుకు మొకమాటం ఉంటది,
స్కేలుకు ఏముంటది.

చంద్రపూర్ల ఉర్కుడే దుకాణం.
మర్యాద మరాఠీల, బేరం తెలుగుల.
చాయ్ తెప్పిచ్చి, ముందుగాల పద్నాలుగు వేలది పెట్టిండు.
ఎన్కసిరి నలభై వేలది.
"ఐకా కాకా, తేనె!"
నిజంగనే తేనె.
ఓదేలు కండ్లు మూసుకున్నడు.
నాకు గూడ ఒళ్ళు జల్లుమన్నది, అబద్ధమెందుకు.

తిరుమలేశు జేబులకెల్లి
చిటికెనేలంత మైకు తీసి రెంటి ముందటా నిలవెట్టిండు.
తేనె లేదు ఏం లేదు.
పిరం దాన్ని రెండు డెసిబెల్లు
ఎక్కువ మోగిస్తున్నడు ఉర్కుడే, గంతే.
రెంటినీ సమానం చేసి
ఓదేలును గోడ దిక్కు కూసోవెట్టి అడిగినం, ఏది ఏదని.
ఏడుసార్లు అడిగితే నాలుగుసార్లు తప్పిండు.
ఉర్కుడే కోపం కాలే.
రెండో చాయ్ మాత్రం రాలే.

పద్నాలుగు వేలదాన్ని ఒళ్ళె వెట్టుకొని
ప్యాసింజరు బండ్ల ఇంటికొచ్చిన.

"నీ గుంతకు సరిపోను
నాలుగు వేల కాడ గుట్ట లేపుత కాకా" అన్నడు పిలగాడు.
లేపిండు.
నాకు గజ్జెలు, తాళాలు, పోయినయన్నీ తిరిగొచ్చినయి.
వంటింట్లకెల్లి రాజవ్వ ఉరికొచ్చింది:
"చెవులల్ల సూదులు గుచ్చుతున్నరేందయ్యా!"
మళ్ళ సాపు చేసినం.
సాపు గీత నా చెవిది గాదు, ఆమెది గాదు.
ఇద్దరం దాని కింద కాపురం చెయ్యొచ్చు.

ఇక్కడికాపితే కొలతే గెలిచేది.

రాత్రి పాత క్యాసెట్ పెట్టిన.
ఎనభై ఎనిమిది, కాలనీ గణపతి ముందట మిల్లు భజన.
హార్మోనియం మీద మా సడవలి.
వాని లెక్క వాయించేటోడు ఈ జిల్లాల లేడని
నేను చెప్పని మనిషి లేడు.
పాత డబ్బాల అంతా బూడిద బుడబుడ, అందుల వాడు రాజు.
కొత్తదాంట్ల
చరణం చరణానికి కొస కాడ
సుతి జారుతున్నది.
ఒక్కసారి గాదు.
వెనక్కి తిప్పి మళ్ళ ఇన్న. మళ్ళ జారింది.

సడవలి పోయి పదకొండేండ్లు.
ఎవ్వన్ని పోయి అడగాలె?

తిరుమలేశుకు ఫోన్ చేసిన.
"టేపు సాగి ఉంటది కాకా, గంతే.
లేకుంటే మీ దోస్తే తప్పి ఉంటడు.
రెంటికీ లెక్క ఉంటది,
పొద్దుగాల వచ్చి కొలువనా?"

ఇరవై తొమ్మిదేండ్లల్ల
కొలువనా అంటే
వద్దన్న రీలు ఒక్కటి లేదు.

అవుతల పిలగాడు "హలో కాకా, హలో" అంటుండు.
ఇనవడ్తనే ఉన్నది.
ఇననట్టు
ఫోన్ చెవికి ఆనించుకొనే ఉన్న.