బతికున్నంత మేర

రైలు టెంపుల్ మీడ్స్‌లో ఆగే ముందు
కిటికీలోంచి టాటర్‌డౌన్ కొండ అంచు కనిపిస్తుంది.
వరసగా ఇళ్ళు: పసుపు, నీలం, వంగపండు, మళ్ళీ పసుపు.
పక్కపక్క గోడలకి ఒకే రంగు పడకుండా
ఆ వీధివాళ్ళు ఎప్పుడు కూడబలుక్కున్నారో తెలీదు.
నా ఉద్యోగం మాత్రం అదే.

నేను రాసే కంపైలర్ కింద ఉన్న చిప్‌లో
రిజిస్టర్లు ఎనిమిది. స్టాక్‌కి ఒకటి పోతే ఏడు.
పైనుంచి దిగే ప్రోగ్రాములో పేర్లు నలభై:
మొత్తం, మిగులు, వరస సంఖ్య,
ఎవరో తొందరలో పెట్టిన టెంప్, ఇంకో టెంప్.
ఏ పేరైనా పుట్టిన గడియ నుంచి
చివరిసారి ఎవరో అడిగేదాకా
బతికున్నట్టు లెక్క.
ఆ తర్వాత ఉన్నా లేనట్టే.
ఏడుపులుండవు. ఆ చోట్లో ఇంకోటి వచ్చి కూర్చుంటుంది.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు గానీ
ఎప్పుడు ఇమడవో చెప్పలేదు మనవాళ్ళు.
ఒకటి పోయాక రెండోది రావచ్చు,
ఒరకేం అభ్యంతరం?
ఒకే గడియలో రెండూ బతికుంటేనే
వాటి మధ్య గీత గీస్తాను.
గీత పడ్డ జంటకి ఒకే రంగు వెయ్యను.

ఇరుగుపొరుగు తక్కువున్నవాణ్ణి ముందే పక్కకి తీసి పెడతాను.
వాడితో పేచీ లేదు, ఎప్పుడొచ్చినా ఏదో ఒక రంగు మిగులుతుంది.
తంటా అంతా అందరితో చుట్టరికం ఉన్నవాడితోనే.
చుట్టూ ఏడు రంగులూ అయిపోయాక
ఎవరో ఒకరు బయటికి, మెమరీలోకి, నడవాలి.
ఎవరు?
లూపులో లక్షసార్లు పిలిపించుకునేవాడు కాదు.
మొదట్లో ఓసారి, చివర్లో ఓసారి పనికొచ్చేవాడు.
వాడు చెడిపోడు.
పిలిస్తే వస్తాడు,
కాస్త ఆలస్యంగా.

కిందటేడు మా ఆఫీసులో బల్లలు తగ్గించారు.
మనుషులు ఇరవై ముగ్గురు, బల్లలు తొమ్మిది.
హెస్టర్ అట్టముక్క మీద గళ్ళు గీసి
ఒక్కొక్కరికీ ఒక్కో స్కెచ్ పెన్ వాడుతుంటే
వెనక నిలబడి నవ్వాను. ఎందుకో ఆమెకి అర్థం కాలేదు.
నాకు పడింది నాలుగో బల్ల, పొద్దున ఏడు నుంచి.
రాత్రంతా అది డెల్‌రాయ్ పిన్నక్‌ది,
బోర్డుల మీద టెస్టులు నడిపే మనిషి.
పద్నాలుగు నెలలు అతని మొహం చూడలేదు.
కుర్చీ నాలుగంగుళాలు ఎత్తులో ఉండేది.
రోజూ నేను దించేదాన్ని, రోజూ అతను ఎత్తేవాడు.
రిజిస్టర్లో ఇలా జరగదు,
కొత్త అంకె పడగానే పాతది ఆనవాలు లేకుండా పోతుంది.
మా సొరుగులో మాత్రం అల్లం బిళ్ళల డబ్బా.
రోజుకొకటి కాజేసేదాన్ని.
డబ్బా ఎన్నడూ ఖాళీ కాలేదు.

అక్టోబరు ఆఖరి ఆదివారం
దేశమంతా గడియారాలు గంట వెనక్కి జరిగాయి.
రిలీజ్ వారం, సెలవు లేదు.
మా వంటింటి గడియారానికి సంగతి చెప్పడం మర్చిపోయి
చీకట్లో కీన్షమ్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాను.

నాలుగో బల్ల దగ్గర మనిషి.
నా కుర్చీలో, తన ఎత్తులో.
నెరిసిన గడ్డం, చెవి మీద పెన్సిలు.
ఇద్దరం ఒక్కసారే గోడ గడియారం చూశాం.
"గంట ముందొచ్చావు," అన్నాడు.
కాసేపాగి, "బిళ్ళలు తినేది నువ్వేనన్నమాట."

లేవబోయాడు. వద్దన్నాను.
ఇంకా పదకొండు టెస్టులున్నాయి, అతను లూపులో ఉన్నాడు.
లెక్క ప్రకారం బయటికి నడవాల్సింది నేనే.
లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను.
రాయి చల్లగా ఉంది.
ఇన్నేళ్ళలో ఎన్ని వేల అంకెల్ని
ఇక్కడికి పంపానో,
ఒక్కసారైనా వచ్చి చూడలేదు.

ఏడింటికి అతను దిగుతూ
డబ్బా మూత తీసి నా ముందు పట్టాడు.
నేను పైకి వెళ్ళేసరికి కుర్చీ దించి ఉంది,
రెండంగుళాలే.