వాపుకు వదిలిన జాగ

మక్తల్ బండికి ఇంక పది నిమిషాలుంది అన్నది కుర్మమ్మ.
భుజానికి టికెట్ల మిషన్ వేలాడుతనే ఉంది.
"ముక్కు కుట్టియ్యాలె. నలభై ఆరేండ్లకు, నా పైసలతోని."

పది నిమిషాల పని కాదక్కా, కూసో అన్న.
కుట్టుడు రెండు క్షణాలే,
మిగిలిందంతా మాట.

ఏ దిక్కు, ఎడమనా కుడా?
నారాయణపేటల ఎవల్నడిగినా ఇంటి ఆనవాయితీ చెప్తరు.
ఆమె అద్దం ముందర నిలవడి
లేని సీట్ల దిక్కు వంగి, లేని మనిషికి టికెట్ కొట్టి చూసుకున్నది.
"ఇటు. కూసున్నోల్లకు కనవడాలె."

మా నాయిన మౌనేశ్వరాచారి
తీగను రెండు వేళ్ల నడుమ దొర్లించి
ఇది ముక్కుది, ఇది పసిపిల్ల చెవిది అని
వేరే వేరే డబ్బీలల్ల ఏసేటోడు.
ఆ వేళ్లు నాకు రాలేదు.
నా దగ్గర ఇత్తడి కొలతబిళ్ల ఉంది,
అంచు పొంటి గాట్లు, గాటుకో అంకె.
అంకె పెరిగితె తీగ సన్నమైతది.
ఈ తలకిందుల లెక్క తలకెక్కేసరికి
రెండు చెవులు పాడుచేసిన.
ఒకటి నాదే.

ఇరవై నాలుగు అడిగింది, సన్నగుంటె ముద్దుగుంటదని.
ముద్దుగనే ఉంటది, దారం సబ్బును కోసినట్టు కోస్తది కూడా.
ఇరవై పెడుత అన్న.
గాజుపెట్టెల ఏడురాళ్ల బేసరి మీదికి కన్ను పోయింది.
అది పుండు మానినంక.
గిల్టుది అసలే వద్దు,
దాని లోపల ఏముందో నాకు తెల్వదు,
నీ తోలుకు మాత్రం వారంల తెలుస్తది.

కొత్త సూది ఆమె ముందరే చించిన.
పొడిచినప్పుడు అమ్మా అనలే.
"హోల్డాన్!" అన్నది.
ముక్కుకు పొడిస్తె ఆ దిక్కు కన్నొక్కటే ఏడ్చింది,
వాటికేం సుట్టరికమో.

అద్దంల చూసుకొని అడిగింది:
"ఇదేంది, పుల్ల పొడుగైంది. కొలత తప్పినవా?"
తప్పలే.
బియ్యపుగింజ మందం ఎక్కువ పెట్టిన.
రేపు ముక్కు ఉబ్బుతది, దానికి జాగ కావాలె.
జాగ లేకుంటె రాయి తోలుల మునుగుతది,
డాక్టరు దగ్గర కోసి తియ్యాలె.
రెండు నెల్లకు రా, పొట్టి చేస్త.

తిప్పకు.
మా అవ్వ కొబ్బరినూనె రాసి పొద్దుమాపు తిప్పేది.
నా చెవి వెనక శెనగ్గింజంత కాయ
ఆమె ప్రేమనే.
పసుపు కూరల ఎయ్యి.
కాగి చల్లారిన నీళ్లు, గిలాసకు చిటికెడు ఉప్పు.
పక్కు కడితె గీకకు, నానవెట్టు, అదే ఇడుస్తది.
తువ్వాలతోని పైలం.
నోట్లు లెక్కవెట్టిన చేతితోని ముట్టకు.
"నాదెప్పుడూ నోట్ల చెయ్యే" అన్నది.
అయితె ముట్టకు.

రెండు నెల్లకు రాలే.
బస్టాండుల ఒకసారి కనవడ్డది,
ఫుట్‌బోర్డు మీద సగం బయటికి వంగి, పుల్లనే ముందర.
డ్రైవర్‌తోని చెప్పిపిస్తె నాలుగో నెల వచ్చింది.
తువ్వాల రెండుసార్లు గుంజిందంట,
రాయచూరు కాడ ఒక పిల్లగాడు గూడ, చంకల ఉండి.

ఔసలోల్ల మీద ఉన్న సామెతలు నాకెరుకే.
అందుకే తీసి ముందు తూకమేసిన,
కోసినంక మళ్ల ఏసిన, రెండూ చూపిచ్చిన.
మర దిద్ది, ఉడికిచ్చి, తిరిగి పెట్టిన.
ఈసారి తోలుకు ఆనుకొని కూసున్నది,
ఎప్పటినుంచో ఆడనే ఉన్నట్టు.

ఏడురాళ్లది చూడవా అక్కా?
"వద్దు తీ. ఏడు రాళ్లు చూస్తె నాకెవడు చిల్లరిస్తడు?"

కోసిన ముక్కను కాగితంల మడిచి ఇచ్చిన.
విప్పి చూసింది,
ఉఫ్ అంటె ఎగిరిపోయేంతది,
చిల్లర సంచిల కాదు, జాకెట్ల పెట్టుకున్నది.
బయట డ్రైవర్ హారన్ కొడుతుండు.
"కొట్టనీ" అన్నది, మళ్లొకసారి అద్దం దిక్కు తిరిగి.